తలుపు లేని విమానం దాకా

మా జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి అస్సాం దాకా వెళ్ళి వచ్చినవాళ్ళు తక్కువ. వెళ్ళినవాళ్ళు చాలావరకు పటాలంలో వెళ్ళారు గనుక చూసింది రాసే తీరిక వాళ్ళకు ఉండదు. నేను వెళ్ళింది మా చెల్లెలు రాజ్యానికి తోడుగా. జగ్గయ్యపేట హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టర్ని. వేసవి సెలవులు కూడా కలిసి వచ్చాయి. కలిసి వచ్చింది అదొక్కటే.

జగ్గయ్యపేట: తంతి

రాజ్యం భర్త, అంటే మా బావ రత్నం, ఏం ఉద్యోగం చేస్తాడో జనానికి చెప్పడం నాలుగేళ్ళుగా నాకు రెండో ఉద్యోగం. పెనుగంచిప్రోలు రైతుబిడ్డ, పటాలంలో చేరాడు అనేంతవరకు అందరికీ బోధపడేది. అస్సాంలో విమానమెక్కి బియ్యం బస్తాలు కిందికి తోస్తాడనేసరికి వాళ్ళ ముఖాలు మారిపోయేవి.

"తోసేసినందుకు జీతం కూడానా?" అని మా హెడ్మాష్టరంతటివాడు అడిగాడు.

కొండల మీద కాపలా కాసే సిపాయిలకు రోడ్డు లేదు, తిండి ఆకాశంలోంచి పడాల్సిందే అని వివరించేవాణ్ణి. వినేవాళ్ళు మర్యాదకు తల ఊపేవారు.

రత్నం తల్లిని నేను అత్తయ్య అంటాను. ఆమెకు మాత్రం ఈ ఉద్యోగంలో వింత కనబడలేదు. బియ్యం బస్తా అనగానే ఆమెకు గుర్తొచ్చింది పురుగు. ఇంట్లో ఏ బస్తా కట్టినా గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి కడుతుంది, పురుగు పట్టకుండా. "సర్కారువాళ్ళకి ఈమాత్రం తెలుసో తెలియదో" అని రెండు నెలలకోసారి ఒక సంచెడు మిరపకాయలు కొడుక్కి పంపేది. ఆ పార్సిలు జగ్గయ్యపేట పోస్టాఫీసులో కట్టించడం నా మూడో ఉద్యోగం. చిరునామాలో రత్నం పేరు, ఒక అంకె మాత్రమే ఉండేవి. ఊరి పేరు రాయకూడదు.

చైనా యుద్ధం అయిన మరుసటి ఏడాది, కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, అదే పోస్టాఫీసుకు నా పేరున తంతి వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణని బావ నా చిరునామా ఇచ్చాడట. విమానం తిరిగి రాలేదు, వెతుకుతున్నారు అని ఉంది. అంతే.

నెల గడిచింది. రెండో నెల కూడా సగమైంది. రత్నం చిన్నాన్న నాగభూషణంగారు ఆ ఇంటికి పెద్ద. ఆయన చెడ్డవాడు కాదు. ఊరేమనుకుంటుందో ఊరికంటే ముందు తనే అనుకునే రకం. పదోరోజు తంతు ఏదో పెట్టించేస్తే మంచిదన్నారు. ఆ తంతులో నలుగురు ఆడవాళ్ళు చేరి ఆడపిల్ల గాజులు రాయి మీద పెట్టి పగలగొడతారు. పదోరోజు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

రాజ్యం తలుపు చాటునుంచి అంది: "నేనక్కడికి వెళ్ళి అడుగుతా మావయ్యా. పోయాడని వాళ్ళ నోటితో అంటే గాజులు నేనే తీసేసుకుంటా. అనకపోతే ఇంక నన్నెవరూ అడగొద్దు."

"అంత దూరం ఎవరు తీసుకెళ్తారమ్మాయ్?"

"ఇంగ్లీషొచ్చిన అన్నయ్యున్నాడుగా."

బయల్దేరేటప్పుడు అత్తయ్య ఎప్పటి సంచి తెచ్చి రాజ్యం చేతికిచ్చింది, నిండా మిరపకాయలతో.

నందిగామ: బస్సులో

బస్సు నందిగామలో ఆగింది. ఇంజనుకు దాహం వేసింది. రాజ్యం పెళ్ళికి చీరలు అమ్మిన బట్టల కొట్టు శెట్టిగారు బెజవాడకని ఎక్కి మా ముందు కూచున్నారు.

"ఏమ్మా రాజ్యం, అల్లుడుగారు కులాసానా? ఈసారి సెలవుకొస్తే పంచెలచాపు పక్కన పెట్టానని చెప్పు."

"కులాసానేనండి. చెప్తా" అంది రాజ్యం.

ఈ ప్రయాణంలో నేను చాలా అబద్ధాలు ఆడాను. మొదటిది మాత్రం నాది కాదని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

హౌరా: మట్టి కప్పు

బెజవాడ నుంచి మెయిల్లో రెండు పగళ్ళు. బరంపురం దాకా అందరూ తెలుగువాళ్ళే గనుక పెట్టెలో ఊపిరాడలేదు. అది దాటాక భాష మారింది, చోటు దొరికింది. ఎదురుగా ఒక బెంగాలీ ముసలావిడ. రాజ్యం చేతుల నిండా పచ్చగాజులు చూసి ముచ్చటపడి ఏదో అడిగింది. ఆవిడ కొడుకు దాన్ని నాకు ఇంగ్లీషులో చెప్పాడు: భర్త దగ్గరికి వెళుతోందా, పిల్లలెందరు అని.

"ఏమంటోంది?" అంది రాజ్యం.

"ఏ ఊరని అడుగుతోంది."

"పెనుగంచిప్రోలని చెప్పు."

చెప్పాను. ఆవిడ, కొడుకు ముఖాలు చూసుకున్నారు. అంత ప్రశ్నకు అలాంటి జవాబు వాళ్ళెప్పుడూ విని ఉండరు.

హౌరాలో భోజనం రూపాయిన్నర. అన్నం అడిగినంత పెట్టారు. పప్పులో పంచదార వేశారు. చేపను ఆవనూనెలో వేయించారు. ఆ వాసన నాతోపాటు మూడు స్టేషన్లు వచ్చింది. రాజ్యం పెరుగన్నం తిన్నది. ఆ పెరుగూ తియ్యగానే ఉంది. ఈ దేశంలో ఉప్పుకు ఏం అన్యాయం జరిగిందో కనుక్కోలేకపోయాను.

టీ మట్టి కప్పులో ఇస్తారు. తాగి నేలకేసి కొట్టడం ఆచారం. ప్లాట్‌ఫారమంతా పెంకులే. మా వైపు ఇత్తడి గ్లాసు కడిగి కడిగి మనవడికిస్తాం. నేను ఆచారం పాటించాను. రాజ్యం కప్పు తిప్పి చూసింది.

"బాగానే ఉందిగా అన్నయ్యా. పగలగొట్టడం దేనికి?"

"ఎంగిలి కదా."

"కడుక్కుంటే పోదూ?"

కడిగి చీర కొంగులో చుట్టి మూటలో పెట్టుకుంది. టీ అమ్మేవాడు మమ్మల్ని మరీ పేదవాళ్ళనుకున్నాడు.

గంగ మీద

కలకత్తా నుంచి ఉత్తరంగా వెళ్ళే రైలు గంగ ఒడ్డున ఆగిపోతుంది. అక్కడ స్టీమరెక్కి అవతలి ఒడ్డున చిన్న రైలు పట్టుకోవాలి. మా మున్నేరు వేసవిలో మోకాలి లోతు. ఈ నదికి అవతలి ఒడ్డే కనబడలేదు. పలకమీద నడిచి స్టీమరెక్కుతుంటే వెనకవాడు తొయ్యడంతో నా కుడికాలి చెప్పు గంగపాలైంది. స్నానం చేస్తే పాపాలు పోతాయంటారు. నాకు చెప్పు పోయింది. ఎడమది పట్టుకుని ఒక పూటంతా తిరిగాను, కుడిది తిరిగివస్తుందేమోనన్నట్టు. రాజ్యం నవ్వింది. తంతి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి రెండో చెప్పు కూడా వేసేద్దామా అనిపించింది.

పేరు రాయకూడని ఊరు

ఆ తర్వాత రెండు రోజులు తేయాకు తోటలు, వెదురు, వాన. మేం దిగిన ఊరి పేరు ఎక్కడా రాయకూడదని అక్కడి సెంట్రీ నా దగ్గర మాట తీసుకున్నాడు. టిక్కెట్టు మీద, స్టేషను బోర్డు మీద, హోటలు గోడమీద ఆ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. మాట ఇచ్చాను గనుక నేను మాత్రం రాయను.

విమానాశ్రయం ఊరి చివర. ఒకటే దారి మీద ప్రయాణికుల విమానాలు, పటాలం విమానాలు రెండూ దిగుతాయి. ఇటువైపు రేకుల షెడ్డులో కలకత్తా వెళ్ళే ప్రయాణికులు. వాళ్ళను పెట్టెలతోపాటు తూకం వేస్తారు, మా ఊరి మార్కెట్టు యార్డులో పత్తి బస్తాల్లాగా. అటువైపు ముళ్ళకంచె దాటితే పటాలం వాళ్ళది. విమానాలు రెండు పక్కలా ఒకే రకానివే. ఇటువైపు దానికి కిటికీలకు తెరలుంటాయి. అటువైపు వాటికి తలుపే ఉండదు.

రోజుకొక ప్రయాణికుల విమానం. పటాలం విమానాలు మాత్రం పావుగంటకొకటి లేస్తూనే ఉన్నాయి. అలవాటు కొద్దీ "ఒకటి, రెండు, మూడు" అంటూ పైకి లెక్కపెట్టాను. సెంట్రీ పరుగున వచ్చి హిందీలో కేకలేశాడు. విమానాలు లెక్కపెట్టకూడదట. లెక్కలు నిషేధించిన ఊరు దేశంలో ఒకటుందని తర్వాత మా ఆరో తరగతివాళ్ళకు చెబితే, అక్కడి బళ్ళో చేర్చమన్నారు.

సంచి విప్పించాడు. తల లోపల పెట్టి చూశాడు. కాసేపు అతనికి దేశరక్షణ సాధ్యం కాలేదు. తుమ్ములు ఆగాక రత్నం పేరు చెప్పాను. కళ్ళు తుడుచుకుంటున్నవాడల్లా నిటారుగా నిలబడ్డాడు. షెడ్డులో కూచోమని చెప్పి తనే లోపలికి వెళ్ళాడు.

షెడ్డులో టోపీ పెట్టుకున్న తేయాకు వ్యాపారి ఒకడు గడియారం చూసుకుంటూ ఇంగ్లీషులో గొణుగుతున్నాడు. ఈ బస్తాల విమానాల వల్ల రోజూ ఆలస్యమేనట. ఎలాగూ కూలిపోయేవాటిని ఆపి పెద్దమనుషుల్ని ముందు పంపొచ్చు కదా అట.

"ఏమంటున్నాడు?" అంది రాజ్యం.

"ఉక్కగా ఉందంటున్నాడు."

రాజ్యం తన విసనకర్ర తీసి అతనికిచ్చింది. అతను తెల్లబోయి పుచ్చుకుని, విమానం వచ్చేదాకా బుద్ధిగా విసురుకున్నాడు.

బస్తాల పక్క

మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాడు నాయుడు, శ్రీకాకుళం వాడు. రత్నంతో కలిసి బస్తాలు తోసేవాడు. మూడు వారాలు జ్వరంతో ఆస్పత్రిలో ఉండి, ఆ రోజు విమానమెక్కలేదు. అది చెప్పేటప్పుడు ఏదో తప్పు చేసినవాడిలా నేల చూశాడు.

"ఇంత దూరం ఎలా ఒచ్చినావు సెల్లెమ్మా? ఏటైనా తిన్నావా?"

బస్తాలు కుట్టే చోటికి తీసుకెళ్ళాడు. మూడు సంచులు ఒకదాంట్లో ఒకటి పెడతారు. లోపలి సంచిని సగమే నింపుతారు. నిండా నింపితే నేల తగలగానే పగిలిపోతుంది. కొంత ఖాళీ ఉంటే గింజలు కదిలి, దెబ్బ కాచుకుంటాయి. విమానంలో గంట మోగగానే నడుముకు తాడు కట్టుకున్న మనుషులు వీపు ఆనించి కాళ్ళతో తోస్తారు. అందుకే తలుపు ఉండదు.

"మీ అత్త మిరపకాయలు మా రత్నం ఏటి సేసేవోడో తెలుసా?" అన్నాడు నాయుడు. "బస్తా కుట్టే ముందర గుప్పెడు పడేసేవోడు. ఏట్రా అంటే, పురుగు పట్టదు అనేవోడు. పడిన పూటే తినేసే బియ్యానికి పురుగేట్రా అని నవ్వేవోళ్ళం. ఓపాలి ఆపేత్తే, కొండ మీదోళ్ళు వైర్లెస్సులో అడిగినారు: బియ్యం సరే, ఎర్రవి ఏవీ అని. మరింక మానలేదు."

రాజ్యం సంచి ముందుకు జరిపింది. నాయుడు వరసగా నోళ్ళు తెరిచి ఉన్న బస్తాల్లో గుప్పెడేసి వేసుకుంటూ పోయాడు. చివరి బస్తాకు సంచి ఖాళీ అయింది.

"ఆ రోజు..." అంది రాజ్యం. "ఆ రోజు బస్తాలు పడ్డాయా అన్నా?"

"పడ్డాయి సెల్లెమ్మా. అన్నీ పడ్డాయి. కొండమీదోళ్ళు సెప్పినారు. తిరిగొచ్చేటప్పుడే..." అని ఆగాడు. "మిగతాది ఆఫీసరుగారు సెప్తారు."

ఆ బస్తాలు ఎక్కించుకున్న విమానం లేచింది. ఆఫీసరు పిలిచేదాకా గంటన్నర పైగా అక్కడే నిలబడ్డాం. రాజ్యం కూచోనంది. చివరికి కొండల వైపు ఒక చుక్క కనబడింది. చుక్క ఈగైంది, ఈగ విమానమైంది. దిగింది. తలుపు లేని చోట ముగ్గురు కాళ్ళు వేలాడేసుకుని కూచుని బీడీలు ముట్టించుకుంటున్నారు.

"తిరిగి రావడమంటే ఇలా ఉంటుందన్నమాట" అంది రాజ్యం. నాతో కాదు.

ఆఫీసరు గది

ఆఫీసరు నెరిసిన గడ్డం సర్దార్జీ. రాజ్యం లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. ఆమె కూచున్నా తను కూచోలేదు. ఇంగ్లీషులో నాతో మాట్లాడాడు, ఆమెను చూస్తూ.

బస్తాలు తోసి తిరుగుతుండగా మబ్బు మూసుకుందట. కొండ మీది సిపాయిలకు కొంతసేపు ఇంజను మోత వినబడిందట. తర్వాత లోయలోంచి ఒక చప్పుడు. ఆ తర్వాత మోత లేదు. మంచు తెరిపిచ్చిన రోజున పైనుంచి ముక్కలు కనబడ్డాయి. మనిషి దిగలేని లోయ. దిగి చూడనంతవరకు కాగితం మీద "తప్పిపోయాడు" అనే రాయాలి, అది నిబంధన.

"కానీ ఇంత దూరం వచ్చిన పిల్లను నేను మోసం చెయ్యలేను" అన్నాడు. "ఆమె భర్త బతికి లేడు. నాకు మీ భాష రాదు. వచ్చినా ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదేమో. మీరు అన్న. మీరు చెప్పండి."

ఇంగ్లీషు ఎమ్మే చదువుదామనుకుని మానేసినవాణ్ణి. అయినా అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. రాజ్యం నా వైపు తిరిగింది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, గాజులు చప్పుడు కాకుండా ఒకదాన్నొకటి పట్టుకుని.

"ఇంకా వెతుకుతున్నారట" అన్నాను. "కాగితంలో తప్పిపోయాడనే ఉందట."

ఆమె నన్ను చూడలేదు. ఆఫీసరు ముఖం చూసింది, చాలాసేపు. ఆయన చూపు దించుకున్నాడు. తర్వాత చేతులు జోడించాడు. రాజ్యం లేచి తనూ జోడించింది.

మళ్ళీ గంగ

తిరుగు ప్రయాణంలో రాయదగ్గ వింతలు లేవు. తేయాకు తోటలు అలాగే ఉన్నాయి. స్టీమరు మీద ఈసారి కొత్తగా కొన్న చెప్పులు రెండూ చేతపట్టుకుని ఎక్కాను. జనం నీళ్ళలో పైసలు వేస్తున్నారు. రాజ్యం కటకటాల దగ్గర నిలబడి చాలాసేపటికి అంది:

"అన్నయ్యా, ఆయన అంతసేపు మాట్లాడాడు. అంత ఇంగ్లీషుకి రెండు ముక్కల తెలుగేనా?"

నేను నీళ్ళు చూశాను. చూడ్డానికి బోలెడు నీళ్ళున్నాయి.

"రైల్లో ముసలామె ఊరడగలేదు. పిల్లల్ని అడిగింది. చెయ్యి ఇంత ఎత్తున పెట్టి చూపించిందిగా. ఆ టోపీవాడికీ ఉక్కపోత కాదు, మన విమానాలంటే విసుగు. నువ్వు చెప్పినవన్నీ నమ్మినట్టే ఉన్నాను, నీకు కష్టంగా ఉంటుందని."

"నేను..."

"ఆఫీసరుగారి ముఖం తెలుగులోనే ఉందన్నయ్యా."

మూటలోంచి మట్టి కప్పు తీసింది. చేయి తడి చేసుకుని గాజులు ఒక్కొక్కటే తీసింది. ఎముక దగ్గర ఒకటి రెండు పట్టేశాయి. సాయం చెయ్యబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. పన్నెండు గాజులూ కప్పులో పెట్టి, కప్పును అత్తయ్య ఖాళీ సంచిలో పెట్టి మూతి కట్టింది. గంగలో వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

పెనుగంచిప్రోలు

వసారాలో నాగభూషణంగారు మంచం మీద కూచుని ఉన్నారు. మేం వస్తున్నామని తెలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు అప్పటికే చేరారు. గడప పక్కన అత్తయ్య చేటలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఏమన్నారయ్యా మేష్టారూ?" అన్నారు నాగభూషణంగారు.

"కాగితంలో తప్పిపోయాడనే..." అన్నాను. మార్చుకునే అవకాశం నాకు దారంతా ఉంది. అయినా నోట్లోంచి వచ్చింది అదే.

"పోయాడు మావయ్యా" అంది రాజ్యం. "ఆఫీసరుగారు చెప్పారు. అన్నయ్యకి ఇంగ్లీషొచ్చుగాని ఈ మాట తెలుగులో అనడం రాలేదు."

సంచి విప్పి కప్పు తీసి ఆయన ముందు పెట్టింది. "పన్నెండూ ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. ఇంకెవరూ రాయి తేనక్కర్లేదు."

నాగభూషణంగారు పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. వచ్చిన ఆడవాళ్ళు వెళ్ళాలో ఉండాలో తెలియక గోడకు ఆనుకున్నారు.

అత్తయ్య అడిగింది, చేట వైపే చూస్తూ: "బస్తాలు పడ్డాయా అమ్మాయ్?"

"పడ్డాయత్తయ్యా. అన్నీ పడ్డాయట. తిరిగొచ్చేటప్పుడే."

"మిరపకాయలు వేసే కట్టాడా?"

"వేసే కట్టాడు. నువ్వు పంపినవే."

అత్తయ్య ఇంకో కాయ తొడిమ తీసింది.

"అయితే ఆ పూట ఆ పిల్లలు అన్నం తిన్నారు" అంది.

అప్పుడు ఏడ్చింది. రాజ్యం వెళ్ళి పక్కన కూచుంది. కొంతసేపటికి తనూ ఒక కాయ తీసుకుని తొడిమ గిల్లింది. చేట ఖాళీ అయ్యాక అత్తయ్య ఆ సంచిని దులిపి మళ్ళీ నింపింది.

మర్నాడు జగ్గయ్యపేట పోస్టాఫీసులో పార్సిలు కట్టించాను. నాలుగేళ్ళుగా ఆ సంచిని తూచిన గుమాస్తా అలవాటుగా తూచాడు. అంకె చూసి తల ఊపాడు. అంకెకు పైన నాయుడి పేరు చూసి ఆగాడు. నా ముఖం చూశాడు.

ముద్ర వేశాడు.